ఫ్రాంకెన్‌స్టైన్ ముందా, డ్రాక్యులా ముందా? రెండు గోథిక్ నవలల మధ్య ఎంపిక

గోథిక్ నవల, అంటే భయం, చీకటి, రహస్యం కలగలిసిన కథ, ఒక్కటైనా చదవాలని కూర్చున్నవాళ్ల ముందు చివరికి మిగిలేవి సాధారణంగా రెండు పేర్లు. 1818లో వచ్చిన మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’, 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’. సాహిత్యం చదువుకునే విద్యార్థులకు ఈ రెండింటినీ పోల్చమనే ప్రశ్న కూడా తరచూ ఎదురవుతుంది. రెండూ భయపెట్టే కథలే కదా, ఏది చదివితే ఏంటి అనిపించవచ్చు. కానీ ఇవి మనిషిని పట్టుకునే తీరు వేరు, చదివాక మనలో మిగిల్చేది వేరు.

ముందే ఒక మాట. పోలిక అన్నాక కథలు బయటపడక తప్పదు. ముగింపులు కూడా చెప్పేస్తాను. ఈ రెండు నవలల విషయంలో దానివల్ల పెద్ద నష్టం లేదని నా నమ్మకం. ఏం జరుగుతుందో తెలిసినా, ఎలా జరుగుతుందో చదువుతుంటే పట్టు సడలదు.

తొందరగా తేల్చుకోవాలంటే ఇలా చూడండి. చీకట్లో కిటికీ వైపు చూడాలంటే జంకు పుట్టాలి, పేజీ తర్వాత పేజీ టెన్షన్‌గా సాగాలి అనుకుంటే డ్రాక్యులా. తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి పడింది అన్న ప్రశ్న చాలాకాలం వెంటాడాలంటే ఫ్రాంకెన్‌స్టైన్. రెండింట్లో ఒక్కటే చదివే తీరిక ఉందంటే నా ఓటు ఫ్రాంకెన్‌స్టైన్‌కే. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

సినిమాల్లో చూసింది కాస్త పక్కన పెట్టండి

మెడలో బోల్టులు, చదునైన తల, మూలుగులు తప్ప మాట రాని ఆకారం. ఇది 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమా ఇచ్చిన బొమ్మ. నవలలో ప్రాణికి పేరే లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది దాన్ని తయారు చేసిన యువకుడు విక్టర్ ఇంటిపేరు. ఆ ప్రాణి ఎనిమిది అడుగుల ఎత్తు, పసుపుపచ్చ చర్మం, నల్లగా మెరిసే జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు. పైగా నవల మొత్తంలో అందరికంటే బాగా మాట్లాడేది అదే. ప్రాణం పోసే ఘట్టంలో పెద్ద యంత్రాల హడావుడేమీ ఉండదు. నవంబరు రాత్రి, బయట వాన, కరిగిపోవచ్చిన కొవ్వొత్తి, తెరుచుకున్న ఒక పసుపుపచ్చ కన్ను, అంతే.

డ్రాక్యులా కూడా అంతే. అతను మనుషుల రక్తం తాగే పిశాచం. పుస్తకంలో ట్రాన్సిల్వేనియాలోని తన కోట తలుపు మొదటిసారి తీసేటప్పుడు అతను తెల్లటి పొడుగు మీసాలున్న ముసలివాడు. లండన్ చేరాక వయసు తగ్గుతూ వస్తుంది. పట్టపగలే పికాడిల్లీ వీధిలో కనిపిస్తాడు. పగటిపూట అతని శక్తులు తగ్గుతాయే తప్ప ఎండ తగిలి బూడిదైపోడు. ఆ ఊహ 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో వచ్చింది. చివర్లో అతన్ని చంపేది చెక్క మేకు కూడా కాదు, రెండు కత్తులు.

మాట ఎవరిది?

ఈ రెండు నవలల మధ్య అసలు తేడా ఇక్కడుంది. కథ చెప్పే హక్కు ఎవరికి దక్కింది?

ఫ్రాంకెన్‌స్టైన్‌లో కథలో కథ ఉంటుంది. ఉత్తర ధ్రువం వైపు వెళ్తున్న ఓడ నాయకుడు వాల్టన్ తన అక్కకు ఉత్తరాలు రాస్తాడు. ఆ ఉత్తరాల్లో, మంచు మీద దొరికిన విక్టర్ తన కథ చెబుతాడు. విక్టర్ కథ నడిమధ్యలో ఆ ప్రాణి తన కథ తాను చెప్పుకుంటుంది. అంటే పొరలు తీసుకుంటూ లోపలికి వెళితే నడుమ మనకు దొరికేది రాక్షసుడి గొంతే. అప్పటిదాకా విక్టర్ మాటలు విని దాన్ని అసహ్యించుకున్న మనం, దాని మాటలు వినగానే తడబడతాం. ఆ తడబాటు కోసమే నవలను అలా కట్టారు.

డ్రాక్యులాలో అందరూ రాస్తారు. ఆస్తి వ్యవహారం మీద డ్రాక్యులా కోటకు వెళ్లిన లాయరు జొనాథన్ హార్కర్ షార్ట్‌హ్యాండ్ డైరీ, అతను పెళ్లాడబోయే మీనా డైరీ, ఆమె స్నేహితురాలు లూసీ ఉత్తరాలు, లూసీకి వైద్యం చేసే డాక్టర్ సీవార్డ్ ఫోనోగ్రాఫ్ అనే గొంతు రికార్డు చేసే యంత్రంలో చెప్పుకున్న మాటలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు, డిమీటర్ అనే ఓడ లాగ్‌బుక్. ఇంతమంది రాస్తున్నా డ్రాక్యులా కథ డ్రాక్యులా చెప్పడు. మొదట్లో హార్కర్‌కి రాసిన చిన్న స్వాగతం ఉత్తరం ఉంటుంది. కోటలో తన వంశం గురించి గొప్పగా మాట్లాడతాడు. ఆ తర్వాత అతను దాదాపుగా ఇతరుల భయంలో మాత్రమే కనిపిస్తాడు. లోపల ఏమనుకుంటున్నాడో మనకు తెలియనివ్వకపోవడమే స్టోకర్ భయపెట్టే పద్ధతి.

అందుకే ఒకదాంట్లో జాలి, ఇంకోదాంట్లో వణుకు. ఎంచుకునేటప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఇద్దరూ భాష నేర్చుకుంటారు

పాత్రలను పోల్చేటప్పుడు చాలామంది విక్టర్‌ని, డ్రాక్యులాని పక్కపక్కన పెడతారు. నాకు మాత్రం ఆ ప్రాణినీ డ్రాక్యులానీ పక్కపక్కన పెడితేనే ఎక్కువ దొరుకుతుంది. ఇద్దరూ బయటివాళ్లు. ఇద్దరూ మనుషుల భాష పట్టుదలగా నేర్చుకుంటారు. కానీ ఎందుకు?

ఆ ప్రాణి ఒక పేద కుటుంబం ఇంటికి ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ నెలల తరబడి మాటలు పట్టుకుంటుంది. ఫెలిక్స్ అనే యువకుడు సాఫీ అనే అమ్మాయికి భాష నేర్పుతుంటే, చాటుగా తనూ నేర్చుకుంటుంది. దొరికిన పుస్తకాల్లో మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ చదివి, ఆదాముకి ఉన్నట్టు తనకూ ఒక సృష్టికర్త ఉన్నాడు కదా, మరి నన్నెందుకు వదిలేశాడు అని అడుగుతుంది. రాత్రుళ్లు ఆ ఇంటికి కట్టెలు కొట్టి పెడుతుంది. మంచి మాట నేర్చుకుంటే ముఖం చూసి భయపడరని దాని ఆశ.

ఒకరోజు పిల్లలంతా బయటికి వెళ్లాక, గుడ్డివాడైన ముసలి డి లేసీ దగ్గరికి వెళ్లి తలుపు తడుతుంది. ముసలాయన లోపలికి పిలుస్తాడు, కూర్చోబెడతాడు, మాట కలుపుతాడు. నవల మొత్తం మీద ఒక మనిషి ఆ ప్రాణిని సాటి మనిషిలా ఆదరించే ఘడియ అదొక్కటే. ఆయనకు కళ్లు కనబడవు కాబట్టే అది సాధ్యమైంది. అంతలో పిల్లలు తిరిగొస్తారు. ఫెలిక్స్ కర్రతో చావబాదుతాడు. తలుచుకుంటే అతన్ని చీల్చి పారేయగల బలం ఆ ప్రాణికి ఉంది. అయినా చెయ్యెత్తదు. దెబ్బలు తిని బయటికి పోతుంది. ఈ ఘట్టం చదివాక దాన్ని ‘రాక్షసుడు’ అనాలంటే నోరు రాదు.

డ్రాక్యులా సంగతి చూడండి. కోటలో అతని లైబ్రరీ నిండా ఇంగ్లీషు పుస్తకాలు. సోఫాలో పడుకుని ఇంగ్లండ్ రైళ్ల టైమ్‌టేబుల్ చదువుతూ హార్కర్ కంటపడతాడు. తన ఇంగ్లీషులో తప్పులుంటే చెప్పమని, యాస పోవడానికి కొన్నాళ్లు ఉండి తనతో మాట్లాడమని అతిథిని అడుగుతాడు. లండన్ వీధుల్లో తను పరాయివాడినని ఎవరూ గుర్తుపట్టకూడదు. ఒకరు మనుషుల్లో కలవడానికి భాష నేర్చుకుంటే, ఇంకొకరు మనుషుల్లో దాక్కోవడానికి నేర్చుకున్నారు. వ్యాసం రాయాల్సిన విద్యార్థి ఈ ఒక్క పోలిక పట్టుకున్నా మూడు నాలుగు పేజీలు హాయిగా రాయొచ్చు.

దాచిన మాట ప్రాణం తీస్తుంది

ఇంత భిన్నమైన నవలలు ఒక విషయంలో మాత్రం గట్టిగా కలుస్తాయి. రెండింట్లోనూ మనుషులు చనిపోవడానికి రాక్షసుడు ఎంత కారణమో, తెలిసినవాళ్లు నోరు విప్పకపోవడం కూడా అంతే కారణం.

విక్టర్ తమ్ముడు విలియం హత్యకు గురవుతాడు. వాళ్లింట్లో పనిచేసే జస్టిన్ జేబులో విలియం మెడలోని చిన్న పటం దొరుకుతుంది. అసలు హంతకుడు ఎవరో విక్టర్‌కి అనుమానం కూడా కాదు, నమ్మకమే. అయినా చెప్పడు. చెబితే పిచ్చివాడంటారని. జస్టిన్‌కి మరణశిక్ష పడుతుంది. తర్వాత, ‘నీ పెళ్లిరాత్రి నేనొస్తాను’ అని ఆ ప్రాణి బెదిరిస్తుంది. ఆ మాట తన ప్రాణం గురించే అనుకుంటాడు విక్టర్. పెళ్లికూతురు ఎలిజబెత్‌కి ఒక భయంకరమైన రహస్యం ఉందని, పెళ్లైన మర్నాడు చెబుతానని ఉత్తరం రాస్తాడు. ఆ మర్నాడు ఆమె బతికి ఉండదు. నన్ను ఈ నవలలో అన్నిటికంటే కలచివేసేది ఆ వాయిదా. ప్రాణి చేతులకంటే ముందు ఆ వాయిదాయే ఆమెను చంపిందని నేనంటాను.

డ్రాక్యులాలోనూ మొదటి సగమంతా దాపరికమే. డ్రాక్యులా రాత్రుళ్లు రక్తం తాగడంతో లూసీ రోజురోజుకీ పాలిపోతుంటే, పిశాచం రాకుండా సీవార్డ్ గురువు డాక్టర్ వాన్ హెల్సింగ్ ఆమె గది నిండా వెల్లుల్లి పూలు పెట్టిస్తాడు, కిటికీలు మూయిస్తాడు. ఎందుకో మాత్రం చెప్పడు. లూసీ తల్లికి గుండె జబ్బు, ఆందోళన పెట్టకూడదు. పాపం ఆ తల్లి, గదిలో ఘాటు వాసన కూతురికి మంచిది కాదని పూలన్నీ తీసేసి, గాలి రావాలని కిటికీ కొంచెం తెరుస్తుంది. పొద్దున ఆ సంగతి సంతోషంగా డాక్టరుకి చెబుతుంది. ప్రేమతో చేసిన పనే కూతుర్ని చావు అంచుకు తోసింది.

ఇంకొకటి చూడండి. ట్రాన్సిల్వేనియాలో తను అనుభవించిందంతా హార్కర్ డైరీలో ఉంది. పెళ్లినాడు ఆ డైరీని మీనా చేతికిచ్చి, కావాలంటే చదువు గానీ నాకు మాత్రం చెప్పకు అంటాడు. ఆమె నమ్మకంతో దాన్ని చుట్టి, రిబ్బన్ కట్టి, లక్కముద్ర వేసి దాచేస్తుంది. మీనా ఆ ముద్ర తీసేసరికి లూసీ చనిపోయి ఉంటుంది. ఆ పుస్తకం నెల రోజుల ముందు తెరిచి ఉంటే అనిపించక మానదు.

కానీ తేడా ఇక్కడే వస్తుంది. మీనా ఆ డైరీ చదివి టైపు చేస్తుంది. సీవార్డ్ ఫోనోగ్రాఫ్ రికార్డులు విని టైపు చేస్తుంది. ఉత్తరాలు, కటింగులు తేదీల వారీగా పేరుస్తుంది. ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉన్నంతకాలం డ్రాక్యులాదే పైచేయి. అందరి కాగితాలూ ఒక్కచోటికి చేరిన తర్వాతే అతని పరుగు మొదలవుతుంది. మనం చదివే నవల నిజానికి మీనా కుట్టిన ఆ కాగితాల కట్టే. విక్టర్ తన జ్ఞానాన్ని ఒంటరి గదిలో దాచుకుని అందర్నీ పోగొట్టుకుంటాడు. మీనా జ్ఞానాన్ని పంచి మిగతావాళ్లను కాపాడుకుంటుంది. సైన్స్ మంచిదా చెడ్డదా అనే పాత చర్చకంటే, తెలిసిన విషయాన్ని ఎవరితో పంచుకున్నారు అనే ప్రశ్నతో ఈ రెండింటినీ పోల్చి చూడమని నా సలహా.

ఆడవాళ్ల పాత్రలు

ఈ కోణంలో చదవాలనుకుంటే డ్రాక్యులాకే మార్కులు ఎక్కువ. ఫ్రాంకెన్‌స్టైన్‌ని రాసింది స్త్రీ. ఆమె తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల కోసం 1792లోనే పుస్తకం రాసిన మనిషి, కూతురు పుట్టిన కొద్దిరోజులకే 1797లో కన్నుమూసింది. అయినా ఈ నవలలో ఎలిజబెత్, జస్టిన్ ఎదురుచూస్తారు, నమ్ముతారు, చనిపోతారు. దాన్ని రచయిత్రి లోపం అని నేను అనను. తల్లి అవసరం లేకుండా బిడ్డను తయారుచేస్తానన్న మగవాడి లోకంలో ఆడవాళ్లకు చోటుండదని ఆమె చూపించింది. కానీ చదివేటప్పుడు వాళ్లు మనకు దగ్గరగా రారు.

మీనా అలా కాదు. ఈ నవలలో నాకు నచ్చిన బుర్ర ఆమెదే. మధ్యలో మగవాళ్లంతా కలిసి, ఇది ఆడవాళ్లు తట్టుకునే పని కాదని ఆమెను పక్కన పెడతారు, ఏం జరుగుతోందో చెప్పడం మానేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రాక్యులా ఆమె దగ్గరికి వచ్చి రక్తం తాగి, ఆమె మనసును తనతో ముడివేసుకుంటాడు. మళ్లీ దాపరికమే! తప్పు తెలుసుకుని అన్నీ చెప్పాక, తనను హిప్నటైజ్ చేసి డ్రాక్యులా జాడ తెలుసుకోమని ఉపాయం చెప్పేది ఆమే. అతను ఏ నది దారిన వెళ్తాడో లెక్కగట్టేదీ ఆమే.

దేవుడి సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. డ్రాక్యులాలో శిలువ పనిచేస్తుంది, ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఏ ప్రార్థనా ఎవర్నీ ఆపదు.

చదవడం ఎంత కష్టం?

ఫ్రాంకెన్‌స్టైన్ చిన్నది. డ్రాక్యులా దానికి రెట్టింపు పైనే ఉంటుంది. అయినా ఇంగ్లీషులో చదివేవాళ్లకు ఫ్రాంకెన్‌స్టైనే మొదట్లో కష్టంగా అనిపిస్తుంది. వాక్యాలు పొడుగు, వాల్టన్ ఉత్తరాలు, విక్టర్ చిన్నతనం కాస్త నెమ్మదిగా నడుస్తాయి. చాలామంది వదిలేసేది అక్కడే. ఇరవై నాలుగు అధ్యాయాల ముద్రణ చేతిలో ఉంటే పదకొండో అధ్యాయం దాకా ఓపిక పట్టండి. అక్కడ ఆ ప్రాణి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆ తర్వాత పుస్తకాన్ని పక్కన పెట్టడం మీ వల్ల కాదు.

డ్రాక్యులా దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి నాలుగు అధ్యాయాలు, అంటే హార్కర్ కోటకు చేరడం, అక్కడ గడిపిన రోజులు, గోథిక్ సాహిత్యంలోనే ఒక శిఖరం. చిన్న అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే భుజం మీద చెయ్యి పడుతుంది, ‘గుడ్ మార్నింగ్’ వినిపిస్తుంది. గది మొత్తం అద్దంలో కనిపిస్తున్నా, పక్కన నిలబడ్డ మనిషి కనిపించడు. ఇంత మామూలుగా మొదలై ఇంతగా వణికించే ఘట్టం మరొకటి నాకు గుర్తు రావడం లేదు. కానీ లూసీ కథ ముగిశాక, డ్రాక్యులా దాక్కునే యాభై మట్టిపెట్టెల వేటలో నవల చప్పబడుతుంది. వాన్ హెల్సింగ్ విరిగిన ఇంగ్లీషు ఉపన్యాసాలు సహనాన్ని పరీక్షిస్తాయి. డైరీ కాబట్టి తేదీలున్నాయి, రోజుకో రెండు తేదీలు పెట్టుకుని చదివితే ఆ భాగం సులువుగా దాటొచ్చు. ఆడియోలో వినేవాళ్లకూ డ్రాక్యులాయే అనుకూలం, ఒక్కో గొంతు ఒక్కోలా వినిపిస్తుంది.

ఏ ఫ్రాంకెన్‌స్టైన్ కొనాలి?

ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఈ నవలకు రెండు రూపాలున్నాయి. 1818లో పేరు లేకుండా వచ్చిన మొదటి ముద్రణ, 1831లో మేరీ షెల్లీ మార్పులు చేసి, తన ముందుమాటతో తెచ్చిన ముద్రణ. 1818లో ఎలిజబెత్ విక్టర్‌కి మేనత్త కూతురు. 1831కి వచ్చేసరికి వాళ్లు తెచ్చి పెంచుకున్న అనాథ. అంతకంటే పెద్ద తేడా విక్టర్‌లో ఉంది. మొదటి రూపంలో అతని తప్పులు అతని సొంత నిర్ణయాలుగా కనిపిస్తాయి. రెండోదాంట్లో విధి మాట ఎక్కువ వినిపిస్తుంది. బాధ్యత గురించి ఆలోచించాలనుకునేవాళ్లకు నేను 1818 రూపమే సిఫారసు చేస్తాను.

అయితే 1831 ముందుమాట కూడా తప్పక చదవాలి, కాకపోతే నవల అయ్యాక. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున కవులు బైరన్, పెర్సీ షెల్లీ, బైరన్ వైద్యుడు పోలిడోరీలతో కలిసి ఆమె ఉన్నప్పటి సంగతులు అందులో ఉన్నాయి. అంతకుముందు ఏడాది ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలిన ప్రభావంతో ఆ వేసవి చలిగా, వానలతో గడిచింది. ఇంట్లోనే చిక్కుకుని తలో దెయ్యం కథ రాద్దామనుకున్నారు. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిది. అదే గుంపులోంచి పోలిడోరీ రాసిన పిశాచ కథ 1819లో అచ్చయి, ఇంగ్లీషులో రక్తం తాగే దొరల కథలకు దారి వేసింది. అంటే స్టోకర్ పుట్టుకకు ముప్పై ఏళ్ల ముందే, ఆయన పాత్రకు పూర్వీకుడు ఫ్రాంకెన్‌స్టైన్‌తో పాటు ఒకే కప్పు కింద పుట్టాడు.

ముగింపులను బట్టి కూడా ఎంచుకోవచ్చు. డ్రాక్యులాలో లెక్క తేలిపోతుంది. సూర్యాస్తమయానికి కాస్త ముందు కత్తులు దిగుతాయి, శరీరం దుమ్మైపోతుంది, ఏడేళ్ల తర్వాతి చిన్న గమనికలో అందరూ క్షేమం. మీనా, హార్కర్ తమ బిడ్డకు చనిపోయిన స్నేహితుడు క్విన్సీ పేరు పెడతారు. ఫ్రాంకెన్‌స్టైన్‌లో విక్టర్ ఓడలో చనిపోతాడు. అతని శవం దగ్గర ఆ ప్రాణి ఏడుస్తుంది, చితి పేర్చుకుని కాలిపోతానంటుంది, మంచుగడ్డ మీద చీకట్లోకి వెళ్లిపోతుంది. మాట నిలబెట్టుకుందో లేదో మనకు చూపించరు. కథ ముడి పూర్తిగా విడిపోతేనే మీకు తృప్తి అనుకుంటే, మీకిది చిరాకు తెప్పించవచ్చు.

రెండూ చదివే ఉద్దేశం ఉంటే ఫ్రాంకెన్‌స్టైన్‌తో మొదలుపెట్టండి. ఒక రాక్షసుడి గొంతు వినడం అలవాటైన చెవితో డ్రాక్యులాలోకి వెళితే, అతని మౌనం ఎంత పెద్దదో తెలుస్తుంది. పరీక్ష దగ్గరపడి ఒక్కటే చదవగలిగే పరిస్థితి అయితే ఫ్రాంకెన్‌స్టైన్ పూర్తిగా చదవండి. డ్రాక్యులాలో మొదటి నాలుగు అధ్యాయాలు, వెల్లుల్లి పూల ఘట్టం, మీనా కాగితాలన్నీ చేర్చే భాగం, చివరి అధ్యాయం చూసుకుంటే పోలిక రాయడానికి సరిపడా సరుకు దొరుకుతుంది. మిగిలిన పేజీలను సెలవుల్లో తీరిగ్గా చదువుకోవచ్చు.